ముక్కు మధ్య గోడ వంకరగా ఉందన్నారు: ఆపరేషన్ ఇప్పుడే అవసరమా?

ప్రశ్న: మార్కెట్ గుమాస్తా, వరంగల్

అందరికీ నమస్కారం. నా వయసు 34 సంవత్సరాలు. ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణంలో పదేళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు కబడ్డీ ఆటలో ఎదుటివాడి మోకాలు తగిలి నా ముక్కు నుంచి చాలా రక్తం కారింది. రక్తం ఆగగానే ఇంటికి తీసుకువచ్చారు తప్ప ఏ వైద్యుడికీ చూపించలేదు. పైకి ముక్కు వంగినట్టు ఏమాత్రం కనిపించదు కనుక ఆ దెబ్బ సంగతి నేనూ మరచిపోయాను.

ఎడమ ముక్కు నుంచి నిండుగా గాలి పీల్చిన జ్ఞాపకం నాకు లేదు. అయినా కుడివైపు బాగానే ఉండడం వల్ల రోజులు గడిచిపోయాయి. రెండేళ్లుగా మాత్రం పరిస్థితి మారింది. మిర్చి సీజన్ మొదలై తేజ రకం బస్తాలు యార్డుకు రావడం మొదలైతే చాలు, రాత్రి పడుకున్న గంటకే రెండు ముక్కులూ మూసుకుపోతున్నాయి. నోటితో పీల్చి పీల్చి నాలుక ఎండిపోయి మెలకువ వస్తుంది. గురక ఎక్కువైందని నా భార్య చెబుతున్నది. పగలు చిట్టాలు రాస్తూ రాస్తూ కునికిపాట్లు పడుతున్నాను. మందుల దుకాణంలో ఇచ్చిన చుక్కల మందు మొదట రాత్రికి ఒక్కసారి వేసుకునేవాడిని. ఇప్పుడు నాలుగు గంటలకొకసారి వేసుకోకపోతే ఊపిరి ఆడదు. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. ఆ సీసా జేబులో లేకుండా ఇల్లు కదలలేని స్థితికి వచ్చాను.

మొదట చూసిన వైద్యుడు సీటీ స్కాన్ తీయించారు. ముక్కు మధ్య గోడ ఎడమవైపు వంగి ఉందనీ, వెనుక భాగంలో ముల్లులాంటి ఎముక ఉందనీ, కుడివైపు కింది టర్బినేట్ అనే మడత ఉబ్బి ఉందనీ అందులో రాశారు. రిపోర్టు చూడగానే వచ్చే వారమే ఆపరేషన్ చేయించుకోమన్నారు. రెండవ వైద్యుడు అదే రిపోర్టు చూసి, మూడు నెలలు స్ప్రే వాడి చూడమన్నారు. ఒకే స్కాన్‌కు రెండు మాటలు రావడంతో ఎవరిని నమ్మాలో తెలియడం లేదు. యార్డులో నాతో పనిచేసే ఒకరి బావమరిది ఈ ఆపరేషన్ చేయించుకుంటే ఏడాది తిరగకముందే మళ్లీ మొదటికొచ్చిందట. ముక్కు కూలిపోతుందని పక్కింటి పెద్దమ్మ భయపెడుతున్నారు. ఇంత కష్టానికి అసలు కారణం ఎముకా, మిర్చి ఘాటా, నేను వేసుకుంటున్న మందా అన్నది తేల్చుకునే మార్గం ఏమిటో తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: ఈఎన్‌టీ వైద్యుడు, హనుమకొండ

మిమ్మల్ని స్వయంగా పరీక్షించకుండా ఇది చేయండి, అది మానండి అని తీర్పు చెప్పలేను. కానీ మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. స్కాన్ రిపోర్టులోని మాటలకన్నా మీరు రాసిన రెండు సంగతులు నాకు ముఖ్యంగా తోచాయి. ఎడమవైపు చిన్నప్పటి నుంచి, కాలంతో పనిలేకుండా, ఎప్పుడూ ఒకేలా మూసుకుని ఉండడం మొదటిది. సీజన్‌తోపాటు పెరిగి, చుక్కల మందుతో కాసేపు తెరుచుకుని, మళ్లీ బిగుసుకుపోయే దిబ్బడ రెండవది. మొదటిది గోడకు సంబంధించినది, రెండవది గోడను కప్పి ఉండే మెత్తని పొరకు సంబంధించినది. ఈ రెండింటినీ విడదీసి చూడకుండా తీసుకునే నిర్ణయం, ఆపరేషనైనా సరే, స్ప్రే అయినా సరే, సగం సమస్యకే చికిత్స అవుతుంది.

ముక్కును రెండు గదులుగా విభజించే గోడకు ముందు భాగంలో మృదులాస్థి, అంటే చెవి దొప్పలో ఉండేలాంటి మెత్తటి ఎముక ఉంటుంది. వెనుక భాగంలో పలుచని గట్టి ఎముకలు ఉంటాయి. పెద్దవారిలో ఎక్కువమందికి ఈ గోడ ఎంతో కొంత వంకరగానే ఉంటుంది, వారిలో చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. అందువల్ల స్కాన్‌లో వంకర కనిపించడమే జబ్బు కాదు. ఆ వంకర గాలి దారిని ఏ చోట, ఎంతమేరకు అడ్డుకుంటున్నదన్నది అసలు ప్రశ్న. ముక్కు రంధ్రం దాటి కొద్దిగా లోపలికి వెళ్లాక, మధ్య గోడకూ పక్కనున్న మృదులాస్థికీ నడుమ 10 నుంచి 15 డిగ్రీల సన్నని కోణం ఒకటి ఉంటుంది. దీనిని లోపలి కవాటం అంటాము. మన శ్వాసమార్గం మొత్తంలో అతి ఇరుకైన చోటు ఇదే. నున్నటి గొట్టంలో వ్యాసార్ధం సగానికి తగ్గితే గాలికి ఎదురయ్యే నిరోధం 16 రెట్లు పెరుగుతుంది. ముక్కు అంత నున్నటి గొట్టం కాకపోయినా, ఈ కవాటం దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్ల వంకర ఎందుకు అంత బాధ పెడుతుందో, వెనుకనున్న పెద్ద ముల్లు కొందరిని ఎందుకు ఏమీ చేయదో ఈ లెక్కను బట్టి అర్థం చేసుకోవచ్చు. పైగా స్కాన్ అనేది కదలిక లేని చిత్రం. గట్టిగా గాలి పీల్చినప్పుడు ముక్కు పక్క గోడ లోపలికి కుంగిపోతున్నదా అన్నది అందులో కనిపించదు. దానిని ఎదుట కూర్చోబెట్టుకుని, పీల్చమని చెప్పి, కంటితో చూడవలసిందే.

మీ కుడివైపు టర్బినేట్ ఉబ్బడం గురించి కూడా చెప్పాలి. టర్బినేట్లు ముక్కు పక్క గోడలకు అంటి ఉండే మడతలు. గాలిని వెచ్చబరచి తేమ కల్పించడం వాటి పని. మామూలు ముక్కులో కూడా ఇవి కొన్ని గంటలకొకసారి ఒకవైపు ఉబ్బి, మరొకవైపు తగ్గి, మళ్లీ తారుమారవుతుంటాయి. జర్మన్ వైద్యుడు రిచర్డ్ కైజర్ 1895లోనే దీనిని వివరించాడు, మనం నాసికా చక్రం అంటున్నాము. రెండు వైపులా బాగున్నవారికి ఈ మార్పు తెలియనే తెలియదు. మీకు ఎడమవైపు ఎప్పుడూ మూసే ఉన్నందున, కుడివైపు ఉబ్బే వంతు రాగానే రెండు దారులూ మూసుకుపోతాయి. గోడ ఎడమకు వంగినప్పుడు ఖాళీ మిగిలిన కుడివైపున టర్బినేట్ ఏళ్ల తరబడిగా పెరగడం కూడా తరచుగా చూస్తుంటాము. కొందరు రోగులు వంకర లేని వైపే మూసుకుపోతున్నదని చెప్పడానికి కారణం ఇదే. పుట్టుకతోనో, చిన్నతనంలోనో మూసుకున్న వైపు వారికి అలవాటైపోయి ఉంటుంది.

ఇక చుక్కల మందు. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ వంటి మందులు రక్తనాళాలను కుదించి పొరను తగ్గిస్తాయి. ఐదు రోజులకు మించి వాడకూడదు. అంతకు మించితే మందు దిగిన ప్రతిసారీ పొర మునుపటికన్నా ఎక్కువగా ఉబ్బుతుంది, దానికోసం మళ్లీ మందు వేయవలసి వస్తుంది. మీరు ఇప్పుడు ఉన్నది ఆ వలయంలోనే. గోడ దోషమా, పొర దోషమా అని తేల్చడానికి మేము చేసే ముఖ్యమైన పరీక్ష ఒకటుంది. ముక్కులోపల చూసి, ఇదే రకపు మందులో తడిపిన దూది పెట్టి, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ చూస్తాము. దారి తెరుచుకుంటే అడ్డు పొరది, తెరుచుకోకపోతే అడ్డు ఎముకది. అయితే ఎనిమిది నెలలు ఆ మందుకే అలవాటుపడిన ముక్కులో ఈ పరీక్షను నమ్మలేము. కాబట్టి ముందు చుక్కలు మానాలి. వైద్యుడి సలహాతో స్టిరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, మొదట ఒక ముక్కులో చుక్కలు పూర్తిగా ఆపి, అది కుదుటపడ్డాక రెండవ దానిలో ఆపడం చాలామందికి సాధ్యమవుతుంది. మొదటి వారం కష్టంగా ఉంటుంది, ఆ కష్టం తాత్కాలికమని తెలిసి ఉంటే తట్టుకోగలరు. మీకు రక్తపోటు ఉంటే ఆ చుక్కలు దానిని కూడా పెంచగలవు కనుక ఒకసారి కొలిపించుకోండి.

వైద్యుని దగ్గరకు వెళ్లేముందు మీ బాధను అంకెల్లో రాసుకోండి. గత నెల రోజులలో ముక్కు దిబ్బడ, ముక్కు పూర్తిగా మూసుకుపోవడం, ముక్కుతో ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది, నిద్రకు భంగం, శ్రమించినప్పుడు ముక్కు నుంచి గాలి చాలకపోవడం, ఈ ఐదింటికీ ఏమీ లేకపోతే 0, అతి తీవ్రమైతే 4 చొప్పున వేసి, మొత్తాన్ని 5తో హెచ్చించండి. నూటికి వచ్చే ఈ అంకెను ప్రపంచమంతటా వైద్యులు వాడుతున్నారు, చికిత్సకు ముందు, తరువాత పోల్చడానికి ఇది ఎంతో ఉపయోగపడుతుంది. విక్స్ వంటివి రాసుకుంటే ముక్కు తెరుచుకున్నట్టు అనిపించడాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. మెంథాల్ చల్లదనాన్ని గుర్తించే నాడులను తట్టిలేపుతుందే తప్ప దారిని వెడల్పు చేయదు.

గురకతోపాటు పగటి కునుకు ఉన్నదన్నారు. నిద్రలో మీ శ్వాస కొన్ని క్షణాలు ఆగిపోతున్నదేమో మీ ఇంటివారిని గమనించమనండి. ఆగుతుంటే నిద్ర పరీక్ష చేయించాలి. ముక్కు ఆపరేషన్ ఒక్కటే ఆ జబ్బును నయం చేయదు.

ఇది చదివే మిగతావారికోసం మరొక మాట. ఒకవైపే ముక్కు మూసుకుపోతూ రక్తం కారుతుంటే, ముఖ్యంగా యుక్తవయసు అబ్బాయిలలోనూ యాభై దాటినవారిలోనూ, దానిని వంకర గోడ అనుకుని ఊరుకోకూడదు. కణితి కాదని తేల్చుకోవాలి. చెరువుల్లో, కుంటల్లో స్నానం చేసేవారి ముక్కులో తాకితే రక్తం కారే ఎర్రని కండ, దానిపై తెల్లని చుక్కలు కనిపిస్తే అది రైనోస్పోరిడియోసిస్ కావచ్చు. దక్షిణ భారతదేశంలోనూ శ్రీలంకలోనూ కనిపించే జబ్బు ఇది.

మీరు చూపించుకున్న ఇద్దరు వైద్యులలో ఒకరు గోడను చూశారు, మరొకరు పొరను చూశారు. ఇద్దరూ తప్పు చెప్పలేదు. వరుస ఏదన్నదే తేలాలి.

జవాబు: ఉపాధ్యాయురాలు, నర్సంపేట

నాకు ఈ ఆపరేషన్ రెండుసార్లు జరిగింది కనుక, మీ సహోద్యోగి బావమరిదికి ఎందుకు మళ్లీ మొదటికొచ్చి ఉంటుందో నా అనుభవం నుంచి ఒక కారణం చెప్పగలను.

ఏడేళ్ల క్రితం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మధ్య గోడను సరిచేశారు. వెళ్లిన రోజే స్కాన్, మరునాడే ఆపరేషన్. మూడు నెలలు హాయిగా గడిచాయి. ఆ తరువాత తరగతి గదిలో నలభై నిమిషాలు పాఠం చెప్పేసరికి మళ్లీ నోటితో ఊపిరి పీల్చవలసి వచ్చేది. గోడ మళ్లీ వంగిందేమోనని నేను భయపడ్డాను. హైదరాబాదులో చూసిన మరొక వైద్యుడు స్కాన్ తీయించే ముందు నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మామూలుగా ఒకసారి, బలంగా ఒకసారి పీల్చమన్నారు. బలంగా పీల్చినప్పుడల్లా నా ముక్కు పక్కభాగం తడిసిన కాగితంలా లోపలికి అతుక్కుపోతున్నదని అద్దంలో నాకే చూపించారు. తరువాత సన్నని పరికరమొకటి ముక్కులో పెట్టి, ఆ పక్క గోడను లోపలి నుంచి కొద్దిగా పైకి ఎత్తి పట్టుకుని మళ్లీ పీల్చమన్నారు. ఆ క్షణంలో వచ్చిన గాలిని నేను ఇప్పటికీ మరచిపోలేదు. పై డాక్టరు గారు రాసిన ఆ కవాటమే నా అసలు సమస్య. మొదటిసారి దానిని ఎవరూ చూడలేదు.

రెండవ ఆపరేషన్‌లో నా చెవి వెనుక నుంచి కొద్దిగా మృదులాస్థి తీసి, కవాటం దగ్గర ఆనుగా అమర్చారు. మొదటిసారే ఈ లోపం గుర్తించి ఉంటే మధ్య గోడ నుంచి తీసిన మృదులాస్థినే వాడుకునే వీలుండేదనీ, అది అప్పటికే తీసివేసినందున చెవి మీదకు వెళ్లవలసి వచ్చిందనీ చెప్పారు. ఐదేళ్లయింది, బాగున్నాను.

నా తప్పు కూడా ఒకటి ఉన్నది. నాకు ధూళి పడదు. ఆపరేషన్ అయింది కదా అని మొదటిసారి స్ప్రే మానేశాను. ఆపరేషన్ ఎముకను సరిచేస్తుంది కానీ, పొరకున్న ఎలర్జీని తీసివేయదని నాకు అప్పుడు అర్థం కాలేదు. అందుచేత తమ్ముడూ, కత్తి పట్టే వైద్యుడిని ఒక్కటి అడగండి. నేను బలంగా పీల్చినప్పుడు పక్క గోడ కదలికను మీరు చూశారా అని అడగండి. బుగ్గను పక్కకు లాగి చూసే పరీక్ష ఒకటి ఇంట్లోనే చేసుకోవచ్చునని చాలామంది చెబుతారు. అలా లాగితే బాగున్న ముక్కు కూడా కొంత తెరుచుకుంటుంది కనుక దాని మీదే ఆధారపడవద్దని నాకు వైద్యుడు చెప్పారు.

జవాబు: స్టాఫ్ నర్సు, కరీంనగర్

స్ప్రే పనిచేయలేదని మా దగ్గరకు వచ్చేవారిని నా ఎదుట ఒకసారి కొట్టి చూపించమంటాను. చాలామంది తల వెనక్కి వాల్చి, గొట్టాన్ని మధ్య గోడ వైపు పెట్టి, కొట్టగానే గట్టిగా ఎగబీల్చుతారు. మందు గొంతులోకి దిగి చేదుగా తగులుతుంది, మధ్య గోడకు తగిలిన చోట పొర ఎండి రక్తం వస్తుంది. సీసాను బాగా కదిపి, తల కొద్దిగా ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో పట్టుకుంటే గొట్టం దానంతటదే కంటి బయటి కొస వైపు తిరుగుతుంది. అలా కొట్టి మెల్లగా పీల్చితే చాలు. ఇది చుక్కల మందులా అప్పటికప్పుడు పనిచేయదు. రోజూ తప్పకుండా వాడితే ఒకటి రెండు వారాలకు ఫలితం తెలుస్తుంది. నాలుగు రోజులు వాడి మానేసినవారికి ఏమీ తెలియదు.

స్ప్రేకు ముందు ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం మీ పనిలో ఉన్నవారికి మరీ అవసరం. పావు లీటరు నీటిలో అర టీస్పూను అయోడిన్ కలపని ఉప్పు, చిటికెడు వంట సోడా వేసుకోవాలి. ఆ నీరు తప్పనిసరిగా మరిగించి చల్లార్చినదై ఉండాలి. బోరు నీళ్లు, నల్లా నీళ్లు నేరుగా ముక్కులోకి పంపకూడదు. అరుదుగానైనా వాటిలో ఉండే ఒక రకం అమీబా ముక్కు నుంచి మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. యార్డులో ముఖానికి దస్తీ కట్టుకోవడం అందరం చూస్తాము. దస్తీ మిర్చి ఘాటును, సన్నని పొడిని ఆపదు. ముక్కు మీద బిగుతుగా కూర్చునే ఎన్95 మాస్కు పెట్టుకోండి.

ప్రశ్నించిన వ్యక్తి, ఆరు వారాల తరువాత

మీరందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞుడిని. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి రోజు నేను వేసుకున్న అంకెలు 3, 4, 3, 4, 3. మొత్తం 17, అంటే నూటికి 85. మళ్లీ వైద్యుడిని కలిసి స్ప్రే మొదలుపెట్టి, ముందుగా కుడి ముక్కులో చుక్కలు ఆపాను. మొదటి ఐదు రాత్రులు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని దాదాపు కూర్చునే గడిపాను. తొమ్మిదో రోజు తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి నోరు మూసి ఉంది. కుడి ముక్కుతో ఊపిరి ఆడుతున్నదని గ్రహించి నా భార్యను నిద్ర లేపి మరీ చెప్పాను. తరువాత ఎడమవైపు కూడా చుక్కలు మానేశాను. ఇప్పుడు నా అంకెలు 2, 3, 2, 2, 3. మొత్తం 12, నూటికి 60.

కుడివైపు మారింది కానీ ఎడమవైపు ఏమాత్రం మారలేదు. మొన్న ఎండోస్కోపీతో, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో లోపల చూసి, దూది పరీక్ష కూడా చేశారు. కుడివైపు టర్బినేట్ బాగా తగ్గింది. ఎడమవైపు ముందు భాగంలో మృదులాస్థి వంగి కవాటాన్ని మూసేస్తున్నదనీ, దూది పెట్టినా అక్కడ దారి తెరుచుకోలేదనీ, పక్క గోడ మాత్రం గట్టిగానే ఉన్నదనీ చెప్పారు. నిద్ర పరీక్షలో శ్వాస ఆగడం తేలికపాటి స్థాయిలోనే ఉందని తేలింది. ఇప్పుడు ఆపరేషన్‌కు నేను సిద్ధంగా ఉన్నాను. కానీ లోపల ఏమి చేస్తారు, ముక్కు కూలడమన్నది నిజమేనా, ఎన్నాళ్లు యార్డుకు దూరంగా ఉండాలి, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అన్నవి తెలియాలి. మరొకటి కూడా. మా తొమ్మిదేళ్ల బాబు కూడా నోరు తెరిచి నిద్రపోతున్నాడు. వాడికీ ఇదేనా?

జవాబు: ఈఎన్‌టీ వైద్యుడు, హనుమకొండ

85 నుంచి 60కి తగ్గిన ఆ 25 పొరది. మిగిలిన దానిలో ఎక్కువ భాగం గోడది. ఇప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడడానికి ఆధారం దొరికింది. మందులతో మారని గోడ దోషానికి ఆపరేషన్ మేలు చేస్తుందా అన్నదానిపై ఇటీవల రెండు మంచి పరిశోధనలు వచ్చాయి. నెదర్లాండ్స్‌లో 203 మందిపై జరిగిన దానిని 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. బ్రిటన్‌లో 378 మందిపై జరిగిన దానిని 2023లో బీఎంజే ప్రచురించింది. రెండింటిలోనూ ఆపరేషన్ చేయించుకున్నవారే మెరుగ్గా ఉన్నారు. బ్రిటన్ పరిశోధనలో ఆరు నెలలకు లక్షణాల తీవ్రతను 110కి లెక్కిస్తే ఆపరేషన్ అయినవారి సగటు 19.9, స్ప్రేలు మాత్రమే వాడినవారి సగటు 39.5. అంకె తక్కువైతే బాధ తక్కువని అర్థం.

ఆపరేషన్ ముక్కు లోపలి నుంచే జరుగుతుంది, బయట గాటు ఉండదు. గోడ మీది పొరను జాగ్రత్తగా లేపి, వంగిన మృదులాస్థిని, ముల్లుగా ఉన్న ఎముకను తీసి లేదా సరిచేసి, పొరను తిరిగి దాని స్థానంలో పరుస్తారు. ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్లలో మృదులాస్థిలో పెద్ద భాగాన్నే తీసివేసే పద్ధతి ఉండేది, పెద్దమ్మ గారి భయానికి మూలం బహుశా అదే కావచ్చు. ఇప్పుడు పైన, ముందు కనీసం ఒక సెంటీమీటరు వెడల్పున మృదులాస్థిని తాకకుండా వదులుతారు. ఇంటికి దూలం, స్తంభం ఎలాగో ముక్కుకు అది అలాగ. అది చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు ముక్కు కూలదు. మీ వంకర కవాటం దగ్గరే ఉన్నది కనుక, ఆ ముందు భాగాన్ని తీసివేయకుండా నిటారుగా నిలబెట్టడంలోనే నైపుణ్యం ఉంటుంది. దానిని ఎలా సరిచేయబోతున్నారో మీ వైద్యుడిని ముందుగానే అడగండి. కుడి టర్బినేట్ మందులకే తగ్గింది కాబట్టి దాని జోలికి వెళ్లనవసరం లేకపోవచ్చు. వెళ్లినా పొరను కాపాడుతూ లోపలి కండను కొద్దిగా తగ్గించాలే తప్ప మొత్తం కోసివేయకూడదు. అలా కోసివేసినవారిలో కొందరికి దారి ఎంత వెడల్పుగా ఉన్నా గాలి ఆడుతున్నట్టు అనిపించదు, ముక్కు ఎప్పుడూ ఎండిపోతుంది. దానిని తిరిగి బాగుచేయడం చాలా కష్టం.

ప్రమాదాలు లేవని చెప్పను. రక్తస్రావం, చీము, గోడకు రంధ్రం పడడం, రెండు వైపుల పొరలు అతుక్కుపోవడం, పై పళ్ల దగ్గర కొన్ని వారాల తిమ్మిరి, వంకర కొంత మిగిలిపోవడం జరగవచ్చు. ఇవి ఎక్కువమందికి జరగవు. ఆపరేషన్ తరువాత ముక్కులో గుడ్డ పెడితే ఒకటి రెండు రోజులు, స్ప్లింట్లు, అంటే గోడకు ఆనుగా పెట్టే పలుచని రేకులు, పెడితే సుమారు వారం ఉంటాయి. ఆ రోజులలో నోటితోనే ఊపిరి పీల్చాలి. రెండు వారాలు ముక్కు చీదకూడదు, బరువులు ఎత్తకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఇంటికి వెళ్లాక రెండు ముక్కులూ ఒక్కసారిగా బిగుసుకుపోయి, నొప్పి పెరిగి, జ్వరం వస్తే గోడలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మీ చిన్నప్పటి దెబ్బలో కూడా ఇదే జరిగి ఉండవచ్చునేమో ఇప్పుడు చెప్పలేము కానీ, ముక్కుకు దెబ్బ తగిలిన పిల్లల ముక్కు లోపల అదే రోజు వైద్యుడు లైటు వేసి చూడాలని ఊరూరా చెప్పాలనిపిస్తుంది. గడ్డకట్టిన రక్తాన్ని రెండు మూడు రోజులలో తీయకపోతే మృదులాస్థికి పోషణ అందక అది కరిగిపోతుంది, ముక్కు కూలడమంటే నిజంగా కూలేది అప్పుడే.

మీ పనిని బట్టి మిర్చి రాక తగ్గిన తరువాత, వానాకాలంలో ఆపరేషన్ పెట్టుకోవడం మంచిది. కూర్చుని చేసే పనికి రెండు వారాలలో వెళ్లవచ్చు. మిర్చి రాశుల మధ్యకు ఆరు వారాల వరకు వెళ్లకండి. ఆ తరువాత కూడా మాస్కు, ఉప్పునీరు, స్ప్రే కొనసాగాలి. చెక్కులు కట్టడం ఆగి అసలు ఫలితం తెలియడానికి మూడు నెలలు పడుతుంది, అప్పుడు మీ ఐదు అంకెలు మళ్లీ వేసుకోండి. ఖర్చు విషయంలో, వరంగల్‌లోని ప్రభుత్వ ఎంజీఎం ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉన్నది, హైదరాబాదు కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉన్నది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ ఆపరేషన్ దాని కిందికి వస్తుందా అన్నది ఎండోస్కోపీ, సీటీ రిపోర్టులు తీసుకువెళ్లి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

బాబు విషయంలో, ఆ వయసు పిల్లలు నోరు తెరిచి నిద్రపోతుంటే మొదట చూడవలసింది ముక్కు వెనుక ఉండే అడినాయిడ్ గ్రంథినీ, ఎలర్జీనీ. గోడ వంకరగా ఉన్నా, ముఖం ఎదుగుదల పూర్తయ్యే 16, 17 ఏళ్ల వరకు దానిని సాధారణంగా ముట్టుకోము. గురక పెడుతున్నాడా, చెవులు సరిగా వినిపిస్తున్నాయా, తరగతిలో నిద్రపోతున్నాడా అన్నవి గమనించి ఉంచండి. ఒకవైపు ముక్కు నుంచే దుర్వాసనతో చీము కారుతుంటే మాత్రం బలపం ముక్కో, గింజో లోపల ఇరుక్కుని ఉండవచ్చు కనుక ఆలస్యం చేయకండి. లేకపోతే మీ తరువాతి పరీక్షకు వెళ్లేటప్పుడే వాడినీ వెంట తీసుకుని వెళ్లి చూపించండి.